రాజు చెప్తే ధమ్మం అయితదా?

 



ఈసారి ఒక ఆటతో మొదలుపెడతాను. జనగామలో మనోళ్ళ వాడలో ఆదివారం ఆదివారం పిల్లలకు ధమ్మ తరగతి నడుస్తున్న సంగతి మీలో కొందరికి తెలుసు. ముందు త్రిశరణం, పంచశీల చెప్పిస్తాము. తర్వాత ఒక గంట ఆట. మొన్న ఒక ఆదివారం పిల్లలే కూర్చుని ఒక కొత్త ఆట కట్టారు. దాని పేరు రాజ్యం ఆట. నేల మీద సుద్దముక్కతో పెద్ద గీత గీసి, ఇది మన దేశం అన్నారు. ఒకడు అందులో చెరువు గీశాడు. ఒక పిల్ల అంగడి గీసింది. ఇంకొకడు బడి గీసి, పక్కనే క్రికెట్ గ్రౌండ్ కూడా గీశాడు. తలా ఒకటి గీస్తూ దేశం కట్టుకున్నారు. తర్వాత చీటీలు వేశారు. ఒక్కడు రాజు, ఇద్దరు సిపాయిలు, ఒకడు పన్ను వసూలు చేసేవాడు, మిగతా అందరూ రైతులు, కుమ్మరులు, సాలోళ్ళు. తలా ఇరవై చింతగింజలు పంచారు. అవే వడ్లు, అవే పైసలు.

రాజు చీటీ పన్నెండేళ్ళ పిల్లగానికి వచ్చింది. తెలివైనవాడు, పంచశీల తప్పు లేకుండా చెప్తాడు. గద్దె ఎక్కగానే మొదటి హుకుం ఇచ్చాడు: "నా రాజ్యంల అందరు బుద్ధుణ్ణే మొక్కాలె. మొక్కనోడు ఐదు గింజలు ఎక్కువ కట్టాలె."

గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దోళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. అబద్ధం ఎందుకు, లోపల ముచ్చటపడ్డాను.

అప్పుడు రైతు చీటీ వచ్చిన ఒక పిల్ల లేచింది. "మా నాయనమ్మ పోచమ్మను మొక్కుతది. ఆమెకు గూడ పన్నేనా?" అని అడిగింది. రాజు కాసేపు ఆలోచించి "అవ్" అన్నాడు. ఆ పిల్ల తన గింజలు గౌను కొంగులో వేసుకుని, సుద్ద గీత దాటి అవతల నిలబడ్డది. వెనక ఇంకొకరు, ఆ వెనక మరో ఇద్దరు. కాసేపటికి కుమ్మరోళ్ళు పోయారు, సాలోళ్ళు పోయారు. చివరికి పన్ను వసూలు చేసేవాడు కూడా తాను వసూలు చేసిన గింజలతో సహా అవతలికి దుంకిండు. గీత లోపల రాజు, ఇద్దరు సిపాయిలు, ఒక చెరువు, ఒక క్రికెట్ గ్రౌండ్ మిగిలాయి.

రాజు నా దగ్గరికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. "సార్, నేను మంచి మార్గమే చెప్పిన గదా? మరి ఎందుకు పోయిన్రు?"

ఆ రోజు వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ చిన్న పుస్తకం వాడి కోసం రాస్తున్నాను. మీ కోసం కూడా.

మనం నడిచే నేలే ఈ ఆట ఆడిన నేల. పాలకుర్తిని చూడండి. జనగామ జిల్లాలో ఉంది. పాల్కురికి సోమనాథుని ఊరని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఆయన కులాన్ని కాదన్న కవి, పండితుల సంస్కృతాన్ని పక్కనపెట్టి జనం తెలుగులో రాసిన కవి. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. కానీ ఆయన రాసిన పండితారాధ్య చరిత్రలోనే ఒక కథ ఉంది. వెలనాటి చోడరాజు కొలువులో మల్లికార్జున పండితుడు ఒక బౌద్ధాచార్యునితో వాదించాడు. తర్వాత పండితుని శిష్యులు ఆ ఆచార్యుణ్ణి చంపేశారు. దానికి రాజు పండితుని కళ్ళు తీయించాడు. కథలో కొంత కల్పన ఉండవచ్చు. అయితే దాన్ని రాసుకున్నవాళ్ళు, చెప్పుకున్నవాళ్ళు చంపడాన్ని భక్తి కింద లెక్కపెట్టారు, మనం గమనించవలసింది అది. ఆలోచించి చూడండి, ఆ కథలో ఎవరు గెలిచినట్టు? బౌద్ధునికి ప్రాణం పోయింది, శైవునికి చూపు పోయింది. రాజు మాత్రం గద్దె మీదనే ఉన్నాడు.

హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద ఈనాటికీ జైన తీర్థంకరుల బొమ్మలు రాతిలో ఉన్నాయి. రెండవ ప్రోలరాజు కాలంలో, 1117లో, అక్కడ జైన బసదికి దానం ఇచ్చిన శాసనం ఉంది. తర్వాత కాకతీయుల కొలువు శైవం వైపు తిరిగింది. రాజు ఏ గుడికి మాన్యం ఇస్తే ఆ గుడికి జనం కడతారు, ఏ గుడికి ఆపితే అది పాడుపడుతుంది. ఎవరి మీదా కత్తి ఎత్తనక్కర లేదు, గింజలు ఆపితే చాలు. మన ధమ్మం ఫణిగిరిలో, నేలకొండపల్లిలో, ధూళికట్టలో స్తూపాలుగా నిలిచి, తర్వాత మట్టి కిందికి పోయిందంటే కారణాలు అనేకం. రాజుల చేతుల్లో ఆధారపడి ఉండటం కూడా వాటిలో ఒకటని నా అభిప్రాయం.

ఇప్పుడు అదే పాలకుర్తికి మళ్ళీ రండి. ఏడు వందల ఏళ్ళ తర్వాత అక్కడే చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనియ్యలేదు. పక్కన కడవెండిలో 1946 జులై 4న ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ గూండాలు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఇవి మీకు తెలిసినవే. కామారెడ్డిగూడెం బందగీ సంగతి పిల్లలకు తక్కువ చెప్తున్నాం, అందుకే కొంచెం ఆగుతాను. షేక్ బందగీ పేద రైతు. భూమి తగాదాలో దేశ్‌ముఖ్ అవతలి పక్షాన నిలబడ్డాడు. బందగీ కర్ర పట్టలేదు, కోర్టుకు పోయాడు. ఏండ్లు తిరిగాడు. గెలిచాడు. గెలిచినందుకే 1940లో ఆయన్ని చంపారు. రాజ్యం ఏలేది ముస్లిం నిజాం. చనిపోయింది ముస్లిం రైతు. చంపించింది హిందూ దొర. ఆ దొరను గద్దె మీద నిలబెట్టింది అదే నిజాం సర్కారు. మతం ఒకటే అయితే రాజు నిన్ను కాపాడతాడు అనేవాళ్ళకు బందగీ సమాధి చూపించండి.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. దాని గురించి మనోళ్ళు గట్టిగా మాట్లాడరు. ఇత్తెహాద్ వాళ్ళు దళిత వాడలకు వచ్చి మతం మారమన్నారు. అట్లా మారినవాళ్ళను దీన్‌దార్లు అనేవారు. ఇటు ఆర్య సమాజం వాళ్ళు శుద్ధి చేస్తామని వచ్చారు. ఇద్దరికీ మన తలకాయలు కావాలి, లెక్కకు. మన ఆకలి, మన వెట్టి ఎవరి లెక్కలోనూ లేవు. కొందరు నిజంగా గౌరవం దొరుకుతుందని మారారు, వాళ్ళను తప్పుపట్టను. కొందరు రజాకార్ల భయానికి మారారు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక మళ్ళీ భయంతోనే వెనక్కి వచ్చారు. ఒకే తరంలో రెండు సార్లు మతం మారిన తాత ఉన్న ఇల్లు మన వాడల్లో ఉంటే ఉండవచ్చు. రెండు సార్లూ ఆ తాతను కూర్చోబెట్టి "నీకు ఏమనిపిస్తుంది?" అని అడిగినవాడు లేడు.

1947 నవంబరులో బాబాసాహెబ్ ఢిల్లీ నుంచి ఒక ప్రకటన చేశారు. పాకిస్తాన్‌లో, హైదరాబాద్ రాజ్యంలో ఉన్న షెడ్యూల్డ్ కులాలవాళ్ళు ప్రాణభయంతో మతం మారవద్దనీ, బలవంతంగా మార్చబడినవాళ్ళను తిరిగి కలుపుకుంటామనీ చెప్పారు. హిందువుగా చావను అని 1935లో యేవలాలో చెప్పిన మనిషే ఈ మాట అన్నారు. కొందరికి ఇది తేడాగా అనిపిస్తుంది. నాకు అనిపించదు. హిందూ మతం నుంచి బయటపడాలన్నది ఆయన పట్టుదల. భయంతో బయటపడితే అది బయటపడటం కాదన్నది కూడా ఆయన పట్టుదలే. యేవలా ప్రకటన 1935 అక్టోబరు 13. నాగపూర్ దీక్ష 1956 అక్టోబరు 14. మధ్యలో 21 సంవత్సరాలు. ఆయన ఒక్క మాట అంటే లక్షల మంది మరునాడే వెంట వచ్చేవాళ్ళు. అయినా చదివారు, పోల్చారు, అడిగారు, రాశారు. తాను దీక్ష తీసుకుని, తర్వాత నిలబడి ఉన్న జనానికి ఇచ్చారు. ఎవరి గింజలూ కోయలేదు.

ఇక బుద్ధుని దగ్గరికి వద్దాం. నాలందాలో ఉపాలి అనే ధనవంతుడైన గృహస్థు ఉండేవాడు. జైన నిగంఠుల శిష్యుడు. బుద్ధునితో వాదించి గెలవాలని వచ్చాడు. వాదంలో ఓడి, అక్కడికక్కడే నన్ను ఉపాసకునిగా తీసుకోండి అన్నాడు. మనమైతే వెంటనే పూలదండ వేసి, ఫోటో దిగి, గ్రూపులో పెడతాం. బుద్ధుడు ఏమన్నాడు? బాగా విచారించుకో, నీవంటి పేరున్న మనిషి తొందరపడటం మంచిది కాదు అని హెచ్చరించాడు. ఉపాలి ఇంకా ప్రసన్నుడై మళ్ళీ అడిగాడు. అప్పుడు బుద్ధుడు ఇంకొక మాట అన్నాడు: నీ ఇల్లు ఇంతకాలం నిగంఠులకు నీళ్ళ బావిలాగా ఉంది, ఇకముందు కూడా వాళ్ళు వస్తే అన్నం పెట్టు అని. పక్క గురువు శిష్యుణ్ణి తీసుకుంటూ, ఆ గురువుకు అన్నం ఆపవద్దన్నాడు! ఈ సూత్తం మజ్ఝిమ నికాయంలో ఉంది. మన ధమ్మానికి ఏహిపస్సికో అనే గుణం చెప్తారు గదా, వచ్చి చూడు అని. వచ్చి చూడమన్నాడు, వచ్చి తీరమనలేదు.

అశోకునికి బుద్ధుని ధమ్మం మీద ఎంత ప్రేమ ఉండేదో మనకు తెలుసు. చేతిలో సైన్యం ఉంది, దేశం ఉంది. మన పిల్లగాని హుకుం ఇవ్వాలంటే ఆయన కంటే తగినవాడు ఎవరు? కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఉన్నాయి. వాటిలో పన్నెండవది ఏం చెప్తుందంటే, తన మతాన్ని పొగడటానికి పక్క మతాన్ని తిట్టేవాడు తన మతానికే హాని చేసుకుంటాడు, ఒకరి ధమ్మం ఒకరు వినాలి అని. రాజు అయ్యుండీ ఆ మాట రాతి మీద చెక్కించాడు.

మరి తిరుగుబాటు మాటేమిటి? ధమ్మం అంటే అణిగిమణిగి ఉండటం అని కొందరు యువకులు నన్ను దెప్పుతారు. దీఘ నికాయంలో కూటదంత సుత్తం చదవండి. ఒక రాజు రాజ్యంలో దోపిడీలు పెరిగాయి. చంపి, కట్టేసి, దేశం వెళ్ళగొట్టి అణచాలని ఉంటుంది గానీ అట్లా చేస్తే మిగిలినవాళ్ళు మళ్ళీ లేస్తారని పురోహితుడు చెప్తాడు. మరేం చేయాలి? సేద్యం చేసేవాడికి విత్తనాలు ఇవ్వు, వ్యాపారికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి కూలి సరిగ్గా ఇవ్వు, దోపిడీ దానంతట అదే తగ్గుతుంది అంటాడు. తిరుగుబాటుకు మూలం తిరగబడ్డవాని గుండెలో వెతకవద్దు, గింజల్లో వెతుకు అని దాని సారం.

ఖిలాషాపూర్ కోట చూసినోళ్ళకు సర్వాయి పాపన్నను గురించి చెప్పాల్సిన పనిలేదు. గౌడ కులంలో పుట్టి, అన్ని కులాలవాళ్ళను కూడగట్టి, మొగలు ఫౌజుదార్ల మీద, జమీందార్ల మీద తిరగబడ్డాడు. 1708లో వరంగల్లునే కొల్లగొట్టాడు. 1710లో ఆయన్ని పట్టి చంపారు. కొల్లగొట్టడాన్ని నేను పొగడను, అందులో అమాయకులు కూడా నష్టపోయి ఉంటారు. అయితే మొగలు దర్బారు ఆయన్ని దొంగ అంది, మన ఊళ్ళలో కథ చెప్పేవాళ్ళు మూడు వందల ఏళ్ళుగా వీరుడు అంటున్నారు. ఆ రెండు మాటల మధ్య ఉన్నది పన్నులే.

ఇంతవరకు రాజులను తిట్టుకోవడం సులువుగానే ఉంది. ఇప్పుడు మన ఇళ్ళలోకి వస్తాను.

మహబూబాబాద్ వైపు ఒక ఊళ్ళో మన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బొడ్రాయి పండుగకు ఇంటికింత చందా ఇవ్వాలి, మీరు డప్పు కొట్టాలి అని ఊరి పెద్దలు అన్నారు. మనవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకుని, చెరువు కట్టకు అడగండి, ఇస్తాం, మనిషికింత మట్టి కూడా మోస్తాం, పండుగకు ఇయ్యం, డప్పు కొట్టం అన్నారు. కిరాణం బందు చేస్తామని బెదిరించారు. అయినా లొంగలేదు. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చిందనీ, 23వ అధికరణం వెట్టిని నిషేధించిందనీ కాగితం మీద రాసి పంచాయతీలో చదివారు. బెదిరించినవాళ్ళు మెల్లగా సల్లబడ్డారు. ఆ కాగితం చదివిన పెద్దమనిషి అంటే నాకు చాలా గౌరవం. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే అన్నం తిన్నాను. చర్చికి పోయే ఇంటి నుంచి వచ్చిన కోడలు వడ్డించింది. మాటల్లో తెలిసింది, ఆమె బైబిల్‌ను మామ అటక మీదికి ఎక్కించాడట. "మన ఇంట్లో అది నడవది సార్" అన్నాడు ఆయన గర్వంగా. 25వ అధికరణం కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది. నేను అది తీసి ఆయన ముందు పెట్టాలి. పెట్టలేదు. అన్నం తినేటప్పుడు ఎందుకులే అనుకున్నాను. అది నా తప్పు.

భూపాలపల్లిలో సింగరేణి బాయిలో పనిచేసే ఒక ఉపాసకుడు అడిగాడు. తన భార్య మేడారం జాతరకు పోతానంటుంది. మనం 22 ప్రతిజ్ఞలు చేశాం, ఆపాలా వద్దా? తమ్ముడూ, ప్రతిజ్ఞలు ఎవరు చేశారు? నువ్వు చేశావు. ఆమె కూడా చేసిందా, లేక నీ వెనక నిలబడి పెదవులు కదిపిందా? ముందు అది అడుగు. ఇక సమ్మక్క సంగతి. కోయవాళ్ళు చెప్పుకునే కథ ఏంది? కరువులో కప్పం కట్టలేమంటే ప్రతాపరుద్రుడు సైన్యం పంపాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న పోరాడి పడిపోయారు. జంపన్న పడ్డ సంపెంగ వాగు జంపన్న వాగు అయింది. గాయాలతో చిలుకలగుట్ట ఎక్కిన సమ్మక్క మళ్ళీ కనపడలేదు. రాజుకు గింజలు ఇయ్యనన్న ఆడమనిషి ఆమె. కోరికలు తీర్చే దేవతగా ఆమె ముందు సాగిలపడటం మనకు కూడదని నేను అంటాను. తిరగబడ్డ తల్లిగా తలచుకోవటానికి ఏ ప్రతిజ్ఞ అడ్డం రాదని కూడా అంటాను. నీ భార్యకు ఈ రెండూ చెప్పు. ఇద్దరూ వాదించుకోండి. వాదం అయినంక కూడా పోతానంటే బస్సు కిరాయి ఇయ్యి, పిల్లలను నువ్వు చూసుకో. కొందరు పెద్దలు దీనికి నా మీద కోపానికి వస్తారు. రానీయండి.

నేను ఇంత ధీమాగా చెప్పటానికి కారణం నా తెలివి కాదు. నేను దీక్ష తీసుకున్న ఏడాది ఒక పొద్దుట మా ఇంట్లో ఉన్న పటాలన్నీ సంచిలో వేశాను. పోచమ్మకు అమ్మ దాచుకున్న బోనం కుండ కూడా అందులో వేసి వాగులో పడేసి వచ్చాను. సైకిల్ మీద పాటలు పాడుకుంటూ వచ్చాను. ఉన్న ఒక్క గదిలో బాబాసాహెబ్ ఫోటో, బుద్ధుని బొమ్మ పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. చెప్పినట్టే దీపం పెట్టింది, చెప్పినట్టే చేతులు జోడించింది. ధమ్మం మా ఇంట్లో గెలిచిందని నలుగురికీ చెప్పుకున్నాను.

చాన్నాళ్ళ తర్వాత ఒక రాత్రి జొన్నరొట్టె చేస్తూ అన్నది. మా అమ్మ చిన్నతనంలో దొర గడీలో వెట్టి చేసిన మనిషి అని ముందే చెప్పాల్సింది. "దొర చెయ్యమంటె చేసిన. నువ్వు మొక్కమంటె మొక్కుతున్న. దొర గూడ నన్ను అడగలే. నువ్వు గూడ అడగలే బిడ్డా."

రొట్టె తినలేకపోయాను. ఆ తర్వాత అమ్మను ఏమీ చెయ్యమనలేదు. రోజూ సాయంత్రం బుద్ధుని కథ ఒకటి చదివేవాణ్ణి, ఇష్టముంటే వినేది, లేకుంటే బయట అరుగు మీద కూర్చునేది. కిసాగోతమి కథ మాత్రం మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. ఆమెకు ఒక కొడుకు చిన్నప్పుడే పోయాడు. ఏ ఇంట్లో చావు లేదో ఆ ఇంటి ఆవాలు తెమ్మన్నాడు గదా, ఆయన మంచోడే అని ఒకసారి అన్నది. త్రిశరణం ఆమె తనంతట తాను చెప్పింది ఎప్పుడో నాకు తెలియదు. ఒక పొద్దుట నేను లేచేసరికి చెప్తూ ఉంది, అంతే.

ఇక మన పిల్లగాని సంగతి. మరుసటి ఆదివారం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వజ్జీల కథ చెప్పాను. అజాతశత్రు రాజు వజ్జీల మీద దండెత్తాలని మంత్రిని బుద్ధుని దగ్గరికి పంపుతాడు. బుద్ధుడు మంత్రితో మాట్లాడక ముందు ఆనందుణ్ణి అడుగుతాడు: వజ్జీలు తరచుగా సభ కూడుతున్నారా? కలిసి కూర్చుని, కలిసి లేస్తున్నారా? ఆడవాళ్ళను బలవంతంగా ఎత్తుకుపోకుండా ఉన్నారా? తమ ఊళ్ళలోని, ఊరి బయటి చైత్యాలను గౌరవిస్తున్నారా, వాటికి ఇచ్చేది ఆపకుండా ఉన్నారా? ఇట్లా ఏడు. ఇవి ఉన్నంతకాలం వాళ్ళు చెడిపోరు అంటాడు. ఆ చైత్యాలు బుద్ధుని చైత్యాలు కావు, వజ్జీలు పాతకాలం నుంచి మొక్కేవి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ భిక్షు సంఘాల సభా పద్ధతులను గుర్తుచేసింది కూడా ఇందుకే. తీర్మానం, కోరం, ఓట్ల లెక్క, అన్నీ మన సంఘంలో అప్పుడే ఉన్నాయని చెప్పారు.

"మరి వజ్జీలకు రాజు ఎవరు సార్?" అని అడిగాడు.

"సభ" అన్నాను.

వాడు లేచిపోయి, రాజు చీటీ చింపేశాడు. మళ్ళీ గీత గీశారు. ఈసారి అందరూ గుండ్రంగా కూర్చున్నారు. పోచమ్మ నాయనమ్మ ఉన్న పిల్ల మొదటి మాట ఎత్తింది: చెరువు ఎక్కడ తవ్వాలి? వాడు క్రికెట్ గ్రౌండ్ పోనియ్యనన్నాడు. చేతులెత్తి లెక్కపెట్టారు, సగం సగం వచ్చింది. మళ్ళీ వాదించారు. చీకటి పడ్డది, తల్లులు పిలవటానికి వచ్చారు, చెరువు సంగతి తేలలేదు. చింతగింజలన్నీ ఒక డబ్బాలో పోసి గూట్లో పెట్టి, వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటామని పోయారు.